భిలాయి కరెంటు ఎన్ని నీళ్లు తాగుతుంది?

మే నెల వచ్చిందంటే ఖుర్సీపార్ ఇళ్ల కిటికీలకు కూలర్లు వెలుస్తాయి. రేకు డబ్బా, మూడు పక్కలా గడ్డి పరుపులు, అడుగున నీళ్ల తొట్టి, ఒక చిన్న పంపు, ముందు ఫ్యాను. పంపు తొట్టిలో నీళ్లను పరుపుల మీదికి ఎక్కిస్తుంది. ఫ్యాను బయటి వేడిగాలిని ఆ తడి పరుపుల గుండా లోపలికి లాగుతుంది. నీళ్లు ఆవిరవుతూ గాలిలో వేడిని లాక్కుంటాయి కాబట్టి గది చల్లబడుతుంది. పొద్దున నింపిన తొట్టి సాయంత్రానికి అడుగంటుతుంది. కరెంటు ఉండి నీళ్లు లేకపోతే కూలర్ వడగాలిని ఇంట్లోకి తోసే యంత్రం. నీళ్లుండి కరెంటు లేకపోతే దోమల తొట్టి. ఈ రెండో మాట ఖుర్సీపార్‌లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 2018 ఆగస్టులో భిలాయిని కుదిపేసిన డెంగీ అందరికన్నా ఎక్కువగా దెబ్బతీసింది ఈ బస్తీలనే.

ఉక్కు కర్మాగారానికి తూర్పున పురేనా దగ్గర ఉన్న థర్మల్ కేంద్రంలో కూలింగ్ టవర్లు చేసేదీ ఈ కూలర్ పనే. కొలత మాత్రమే వేరు. అక్కడ ఆవిరైపోయే నీళ్లు ఎక్కడివి, అవి తగ్గినప్పుడు ముందుగా ఎవరి వాటా కోత పడుతుంది అన్న ప్రశ్నలు కరెంటు మీద జరిగే చర్చల్లో దాదాపు వినిపించవు. బొగ్గు నిల్వ ఎన్ని రోజులకు సరిపోతుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్లాంట్ల వారీగా రోజూ ప్రకటిస్తుంది. నీటి నిల్వ ఎన్ని రోజులకు వస్తుందన్న లెక్కకు అంతటి ప్రచారం లేదు.

నీళ్లకూ కరెంటుకూ సంబంధం అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది శ్రీశైలం. 2021 జులైలో తెలంగాణ జలవిద్యుత్ ఉత్పత్తి చేస్తోందని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పడం, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులూ మోహరించడం, అదే నెల 15న కేంద్రం నదీ బోర్డుల పరిధిపై గెజిట్ ఇవ్వడం అందరికీ తెలిసిందే. అయితే జలవిద్యుత్తులో ఒక సౌలభ్యం ఉంది. టర్బైన్ తిప్పిన నీరు మాయమైపోదు, దిగువకు వెళుతుంది. తగాదా అంతా ఎప్పుడు వదిలారు, ఎంత మట్టం దగ్గర వదిలారు అన్న దాని మీదే. థర్మల్ కేంద్రంలో అలా కాదు. అక్కడ వాడిన నీటిలో ఎక్కువ భాగం ఆవిరై ఆకాశంలో కలుస్తుంది. దిగువన ఎవరికీ అందదు. అయినా తెలుగు రాష్ట్రాల్లో థర్మల్ నీటి మీద ఒక్క ఎత్తిపోతల పథకం మీద జరిగినంత చర్చ కూడా జరగలేదు.

బొగ్గును మండించగా పుట్టే వేడిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కరెంటుగా మారుతుంది. దాదాపు సగం వేడి టర్బైన్ నుంచి బయటికొచ్చే ఆవిరిలో మిగిలిపోతుంది. ఆ ఆవిరిని తిరిగి నీరుగా మారిస్తే తప్ప బాయిలర్‌కు పంపలేరు. అందుకు కండెన్సర్‌లో గొట్టాల చుట్టూ ఆవిరి, గొట్టాల లోపల చల్లటి నీరు పారతాయి. అలా వేడెక్కిన నీటిని కూలింగ్ టవర్‌లో పైనుంచి జల్లుగా వదులుతారు. కొంత ఆవిరై మిగతా నీటిని చల్లబరుస్తుంది. ఆవిరైనంత నీటిని మళ్లీ జలాశయం నుంచి తెచ్చి పోయాలి. ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో ఉప్పులు చిక్కబడతాయి కాబట్టి కొంత నీటిని బయటికి వదిలేయాలి. బూడిదను తడిపి గొట్టాల్లో బూడిద చెరువుకు తోలడానికి మరికొంత కావాలి. బాయిలర్‌కు కావలసిన శుద్ధజలం వీటి ముందు స్వల్పం.

భిలాయిలో ఈ పని చేస్తున్నది ఎన్‌టీపీసీ, సెయిల్ కలిసి పెట్టుకున్న ఉమ్మడి సంస్థ ఎన్‌ఎస్‌పీసీఎల్. కర్మాగారంలోని పాత 74 మెగావాట్ల కేంద్రంతో పాటు 2009లో పని మొదలుపెట్టిన 250 మెగావాట్ల యూనిట్లు రెండు దాని చేతిలో ఉన్నాయి. ఈ రెండు యూనిట్ల కరెంటు ఉక్కు కర్మాగారానికీ ఛత్తీస్‌గఢ్‌కే కాక అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న దామన్ దీవ్‌కూ, దాద్రా నగర్ హవేలీకీ వెళుతుంది.

కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరు 7న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కూలింగ్ టవర్లున్న పాత థర్మల్ కేంద్రాలు మెగావాట్ అవరుకు 3.5 ఘనపు మీటర్లకు మించి నీళ్లు వాడకూడదు. ఇంటి మీటరు భాషలో చెప్పాలంటే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. ఇది గరిష్ఠ పరిమితి. దీనికి లోపే వాడే ప్లాంట్లూ ఉన్నాయి. పరిమితి దగ్గరే లెక్క కడితే, పూర్తి సామర్థ్యంతో నడిచే 500 మెగావాట్లకు గంటకు పదిహేడున్నర లక్షల లీటర్లు, రోజుకు 4.2 కోట్ల లీటర్లు కావాలి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణం ప్రకారం ఇది 3.1 లక్షల మందికి సరిపోయే నీరు. 2011 జనాభా లెక్కల్లో భిలాయి నగర్ జనాభా 6.25 లక్షలు. అంటే రెండు యూనిట్లు సగం ఊరి దాహమంత నీటిని తీసుకోగలవు.

ఏడాదికి చూస్తే ఇది సుమారు 0.54 టీఎంసీ. ఒక టీఎంసీతో ఆరేడు వేల ఎకరాల వరి పండుతుందని తెలుగునాట ఇంజనీర్లు వేసే లెక్కనే తీసుకుంటే మూడు వేల ఎకరాల పైచిలుకు వరికి సాగునీరు.

అర టీఎంసీ పెద్ద విషయమా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ధమ్‌తరీ దగ్గర మహానది మీద కట్టిన గంగ్రేల్ జలాశయం వినియోగ సామర్థ్యం 27 టీఎంసీలు. అందులో అర టీఎంసీ రెండు శాతం. ఉక్కు కర్మాగారం తన ఫర్నేసులకూ మిల్లులకూ టౌన్‌షిప్‌కూ తీసుకునేది వేరు. కాల్వల్లో ఇంకిపోయేది, ఆయకట్టులో వరికి పారేది దీనికి ఎన్నో రెట్లు. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే థర్మల్ కేంద్రం వాటా చిన్నదే. చిక్కంతా ఆ సగటులోనే దాగి ఉంది. వరికి నీళ్లు కావలసింది కొన్ని నెలలే. వర్షాలు బాగుంటే ఖరీఫ్‌లో జలాశయాన్ని ముట్టుకోవలసిన అవసరం కూడా తగ్గుతుంది. థర్మల్ కేంద్రానికి ప్రతి గంటా కావాలి. పైగా కరెంటు గిరాకీ ఎక్కువయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. జలాశయం అట్టడుగుకు చేరేదీ, తొట్టి నీళ్లు వేగంగా ఆవిరయ్యేదీ అప్పుడే. నిండు జలాశయంలో రెండు శాతంగా కనిపించేది అడుగంటిన జలాశయంలో చాలా పెద్ద వాటా అవుతుంది.

ఎక్కడి నీళ్లు?

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నిర్మాణానికి కూలీలుగా, తర్వాత కార్మికులుగా ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి జనం తరలివచ్చారు. ఖుర్సీపార్ తెలుగు పేటగా మారింది అలాగే. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా నుంచి వస్తుందని, బొగ్గు రైల్లో వస్తుందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. నీళ్ల కథ అంతగా తెలియదు.

కర్మాగారానికి ఈ చోటు ఎంచుకోవడానికి ఒక కారణం నీళ్లు. ఇప్పటి బాలోద్ జిల్లాలోని తాండులా జలాశయాన్ని కరవులు పీడించిన ఛత్తీస్‌గఢ్ మైదానంలో సాగు కోసం బ్రిటిష్ హయాంలో, గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో కట్టారు. దాని సామర్థ్యం దాదాపు 11 టీఎంసీలు. కర్మాగారం వస్తుండగా 1957లో గోండ్లీ, ఆ తర్వాత 1967లో ఖర్‌ఖరా జలాశయాలు తోడయ్యాయి. అవీ చాలక 1970ల చివర్లో పూర్తయిన గంగ్రేల్ నుంచి మహానది నీటిని ఫీడర్ కాల్వ ద్వారా ఇటు మళ్లించారు. ఈ నీళ్లన్నీ చివరికి చేరేది భిలాయి అంచున ఉన్న మరోదా జలాశయాలకు.

ఈ క్రమంలో జరిగిన మార్పును ఎవరూ పెద్దగా ప్రకటించలేదు. పొలాల కోసం కట్టిన చెరువు కర్మాగారపు తొట్టి అయింది. దాన్ని నింపడానికి మరో చెరువు, దానికి తోడుగా పక్క నది. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా రైతుకు చెప్పింది ఒకటే: నీ వాటా తగ్గదు, కొత్త నీళ్లు వస్తున్నాయి. వానలు బాగున్న ఏళ్లలో అది నిజమే.

2017లో వానలు బాగాలేవు. ఆ సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 21 జిల్లాల్లోని 96 తాలూకాలను కరవు ప్రాంతాలుగా ప్రకటించింది. వేసవి వరి వేయవద్దని రైతులకు చెప్పింది. అలాంటి ఏడాదిలో గంగ్రేల్ లాంటి జలాశయంలో మిగిలిన నీటిని రాయ్‌పూర్ తాగునీటికీ భిలాయి పరిశ్రమకూ అట్టిపెట్టుకోవడం రివాజు. ఇంకా మిగిలితే కాల్వల్లోకి వదిలి పల్లె చెరువులు నింపుతారు. దీన్ని ఇక్కడ నిస్తారీ అంటారు. స్నానం, బట్టలు, గొడ్లు, పెళ్లిళ్ల అవసరాలు అన్నీ ఆ చెరువు మీదే. వేసవిలో కాల్వ కింద పల్లెలు అడిగేది పంటకు నీళ్లు కూడా కాదు, ఈ చెరువు నింపమనే.

2002 జాతీయ జల విధానంలో వాడకాల వరుస ఇలా ఉంది: మొదట తాగునీరు, తర్వాత సాగు, జలవిద్యుత్తు, పర్యావరణం, ఆ తర్వాతే పరిశ్రమలు. 2012 విధానంలో ఆ వరుసను పక్కనపెట్టి, తాగునీరు, ఆహార భద్రత వంటి ప్రాథమిక అవసరాలు తీర్చాక మిగిలిన నీటిని ఆర్థిక వస్తువుగా చూడాలన్నారు. కాగితం మీద ఏ విధానం చూసినా థర్మల్ కేంద్రం వరుసలో వెనకే ఉండాలి. కాల్వ గేటు దగ్గర మాత్రం వరుస తిరగబడుతుంది. అందుకు కుట్ర ఏమీ అక్కర్లేదు. వరిని ఒక ఏడాది మానుకోమని చెప్పగలరు, బ్లాస్ట్ ఫర్నేసును మానుకోమనలేరు. ఫర్నేసు చల్లబడితే లోపల ఇనుము గడ్డకడుతుంది. గ్రిడ్‌లో 500 మెగావాట్లు ఉన్నట్టుండి పడిపోతే ఆ దెబ్బ ఎంతో దూరం వెళుతుంది. ఆగితే ఎక్కువ నష్టం జరిగేదానికే నీళ్లు ముందు దక్కుతాయి. రైతు నష్టం ఊరూరా చెదిరిపోయి ఉంటుంది కాబట్టి అది ఆఫీసు లెక్కలో ఎప్పుడూ చిన్నదిగానే తేలుతుంది.

నీళ్లు ఆగితే లోపల ఏమవుతుందో భిలాయి ఒకసారి చూసింది. 2014 జూన్ 12న పంప్‌హౌస్‌లో లోపం వల్ల బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ శుద్ధి విభాగానికి నీటి సరఫరా దెబ్బతింది. నీటి ఒత్తిడి పడిపోవడంతో కార్బన్ మోనాక్సైడ్ బయటికి లీకైంది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు సహా ఆరుగురు చనిపోయారు. అది నీటి కొరత వల్ల జరిగిన ప్రమాదం కాదు, యంత్రాల వైఫల్యం. కానీ ఇలాంటి పరిశ్రమలో నీరు ముడిసరుకు మాత్రమే కాదని, ప్రాణాలకు అడ్డుగోడ కూడా అని చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. కాబట్టి కర్మాగారానికి నీళ్లు ఆపేయండి అనడం ఎవరికీ పరిష్కారంగా తోచదు. ముఖ్యంగా ఆ గేటులోంచి రోజూ లోపలికి వెళ్లే ఖుర్సీపార్ వారికి.

ఒకే ఊరు, రెండు కుళాయిలు

ఉక్కు కర్మాగారం సెక్టార్లకు కర్మాగారం సొంత వ్యవస్థ నుంచి, మరోదా నుంచి నీళ్లు వస్తాయి. ఖుర్సీపార్ లాంటి కార్పొరేషన్ బస్తీలు శివనాథ్ నది మీద ఆధారపడతాయి. కార్పొరేషన్ శుద్ధి కేంద్రాల్లో ఒకదాని సామర్థ్యం రోజుకు 7.7 కోట్ల లీటర్లు. రెండు థర్మల్ యూనిట్లు పరిమితి మేరకు తీసుకునే 4.2 కోట్ల లీటర్లను దాని పక్కన పెట్టి చూస్తే సగానికి పైనే. వేసవిలో శివనాథ్ సన్నగిల్లితే ఎగువ జలాశయాల నుంచి నీళ్లు వదిలి తాగునీటిని నిలబెట్టాలి. అంటే తాగునీటికీ పరిశ్రమకూ దారులు వేరైనా, రెండూ చివరికి ఒకే వాన మీద, ఒకే పరీవాహకంలోని జలాశయాల మీద ఆధారపడ్డాయి.

నీళ్లు రోజుకొక వేళప్పుడే వచ్చే ఇళ్లలో జనం డ్రమ్ముల్లో, తొట్టెల్లో పట్టి దాచుకుంటారు. మూత లేని ఆ డ్రమ్ములూ, వాడకం ఆపేశాక ఖాళీ చేయని కూలర్లూ డెంగీ దోమకు అనువైన చోట్లు. నీటి సరఫరా లోపం జబ్బుగా మారే దారి ఇది.

శివనాథ్ పేరు దేశమంతా వినిపించింది మాత్రం వేరే కారణానికి. అప్పటి మధ్యప్రదేశ్ పారిశ్రామిక సంస్థ 1998లో దుర్గ్ దగ్గర ఈ నదిలో 23 కిలోమీటర్ల పైచిలుకు పొడవును రేడియస్ వాటర్ అనే ప్రైవేటు సంస్థకు 22 ఏళ్ల పాటు అప్పగించింది. బోరాయి పారిశ్రామిక వాడకు నీళ్లు ఇవ్వడం ఆ ఒప్పందం ఉద్దేశం. పరిశ్రమలు వాడినా వాడకపోయినా రోజుకు 40 లక్షల లీటర్లకు డబ్బు కట్టాల్సిందే. ఒడ్డున ఉన్న పల్లెల్లో చేపలు పట్టడం మీద, నీళ్లు తోడుకోవడం మీద ఆంక్షలు వచ్చాయి. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజాపద్దుల సంఘం ఈ ఒప్పందాన్ని రద్దు చేయమని సిఫార్సు చేసింది. అది థర్మల్ కేంద్రం కోసం చేసిన ఒప్పందం కాకపోయినా ఒక సంగతి తేల్చింది. పరిశ్రమకు నీళ్లు హామీ ఇవ్వడమంటే కరవు భారాన్ని మరొకరి మీదికి నెట్టడమే. ఒప్పందంలో ఆ మరొకరి పేరు ఎప్పుడూ ఉండదు.

ఆగిపోయిన చోట్లు

నీళ్లు లేక థర్మల్ కేంద్రాలు ఆగిపోవడం దేశంలో అరుదేమీ కాదు. మరాఠ్వాడాలోని పర్లీ కేంద్రం 2013లోనూ 2015లోనూ మూతపడింది. బొగ్గు గనుల మధ్యే ఉన్న చంద్రపూర్‌లో 2010లో యూనిట్లు ఆపాల్సి వచ్చింది. తెలుగు రాష్ట్రాల పొలిమేరలో ఉన్న రాయచూరు కేంద్రం కృష్ణలో నీళ్లు లేక 2016లో యూనిట్లు ఆపింది. ఆ ఏడాది మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని 2,100 మెగావాట్ల ఫరక్కా కేంద్రం గంగ నుంచి వచ్చే ఫీడర్ కాల్వలో మట్టం పడిపోయి నిలిచిపోయింది. గంగ పక్కనుండగా అలా జరిగింది మరి. దేశంలోని 20 అతిపెద్ద థర్మల్ సంస్థల్లో 14 సంస్థలు 2013–2016 మధ్య కనీసం ఒక్కసారైనా నీటి కొరతతో ఉత్పత్తి ఆపాయని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ 2018లో లెక్క తేల్చింది.

సముద్రం పక్కన ఉన్నవారికి ఈ బెడద తక్కువ. విశాఖ దగ్గరి 2,000 మెగావాట్ల సింహాద్రి, నెల్లూరు జిల్లా కృష్ణపట్నం కేంద్రాలు సముద్రపు నీటితోనే చల్లబరుచుకుంటాయి. అలాగని తీరంలో అంతా సాఫీగా సాగిందని కాదు. ఖుర్సీపార్ తెలుగు కుటుంబాల్లో చాలామందికి సొంత జిల్లా అయిన శ్రీకాకుళంలోనే, సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర భూముల దగ్గర అదే జరిగింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. అక్కడ జనం కాపాడుకోజూసింది చిత్తడి నేలలను. వానాకాలం నీళ్లు పట్టి ఉంచి, వేసవి దాకా చేపలకూ పంటకూ అందించే నేలలవి. భిలాయిలో చెరువు నీళ్లు కర్మాగారానికి మళ్లినప్పుడు అలాంటి ఘర్షణ జరగలేదు. 1950లలో ఉక్కు అనే మాటకున్న బలం వేరు.

తీగల మీద వచ్చే నీళ్లు

ఛత్తీస్‌గఢ్ బొగ్గు ఉన్న రాష్ట్రం. కోర్బాలో ఎన్‌టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లు, సీపత్ 2,980, లారా 1,600. వీటికి నీళ్లు హస్‌దేవ్ నుంచి, మహానది నుంచి వస్తాయి. తెలంగాణకూ ఈ నీటితో సంబంధం ఉంది. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కరెంటు కొరతను దాటడానికి 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌తో అవగాహనకు వచ్చి, మరుసటి ఏడాది వెయ్యి మెగావాట్లకు 12 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. జాంజ్‌గీర్–చాంపా జిల్లాలోని మడ్వా కేంద్రం నుంచి ఆ కరెంటు రావాలి. ఆ తర్వాత ధర ఎక్కువని, లైను పూర్తిగా వాడుకోలేదని, బకాయిలు పేరుకున్నాయని పదేళ్ల పాటు వాదనలు నడిచాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం దీనిపై విచారణ కమిషన్ కూడా వేసింది.

ఆ చర్చలో ఒక్క అంశం ఎక్కడా ముందుకు రాలేదు. వెయ్యి మెగావాట్లు పూర్తిగా నడిస్తే, యూనిట్‌కు మూడున్నర లీటర్ల పరిమితి దగ్గర ఏడాదికి సుమారు 1.08 టీఎంసీల నీరు ఖర్చవుతుంది. కృష్ణలో ఒక టీఎంసీ కోసం ట్రిబ్యునల్ ముందు ఏళ్ల తరబడి వాదించే రాష్ట్రం, మహానది పరీవాహకం నుంచి ఒక టీఎంసీని తీగల మీద తెచ్చుకునే ఒప్పందం చేసుకుంది. ఆ నీటి ధర ఎంత, కరవు ఏడాదిలో అక్కడ ఎవరు వదులుకుంటారు అన్నది తెలంగాణలో ఎవరూ అడగలేదు. ఛత్తీస్‌గఢ్‌లోనూ పెద్దగా అడిగినట్టు లేదు. దామన్‌లో హోటల్ గది ఏసీకి భిలాయి కరెంటు అందుతున్నప్పుడు బాలోద్ రైతు గుర్తుకు రాకపోవడమూ ఇలాంటిదే.

ఈ నీటి లెక్క అడిగింది ఒక్క ఒడిశా. ఎగువన ఛత్తీస్‌గఢ్ కట్టిన సమోదా, శివరీనారాయణ్, బసంత్‌పూర్, మిరౌనీ, సారాడీహ్, కల్మా బ్యారేజీలు ప్రధానంగా పరిశ్రమలకు నీళ్లివ్వడానికేనని, వాటి వల్ల వేసవిలో హీరాకుడ్‌కు వచ్చే ప్రవాహం తగ్గుతోందని దాని వాదన. నిండా నీళ్లుండే నెలల్లో పారేదానితో తమ రైతుకు పనేమిటన్నది అందులో అసలు మెలిక. 2018 మార్చి 12న కేంద్రం మహానది జలవివాదాల ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేసింది. శివనాథ్ మహానదికి అతిపెద్ద ఉపనది. తాండులా నీళ్లు కలిసేది అందులోనే. రేపు ట్రిబ్యునల్ నెలవారీగా ఎంత వదలాలో నిర్ణయిస్తే ఆ లెక్కలో భిలాయి కూడా ఉంటుంది. ఇప్పటిదాకా రైతు, ఊరు, కర్మాగారం మధ్య సర్దుబాటుగా సాగిన పంపకంలో నాలుగో వాటాదారు చేరతాడు. ఒడిశాకూ చరిత్ర ఉంది. హీరాకుడ్ నీళ్లు పరిశ్రమలకు మళ్లించవద్దంటూ 2007 నవంబరులో వేల మంది రైతులు ఆ డ్యాం దగ్గర ఆందోళనకు దిగారు. అక్కడి ప్రభుత్వం ఎగువ రాష్ట్రాన్ని తప్పుపట్టే ముందు తన రైతులకు చెప్పుకోవలసిన సమాధానం కూడా ఒకటి ఉంది.

తగ్గించే దారులు

నీళ్ల వాడకం తగ్గించే మార్గాలు తెలియనివి కావు. బూడిదను నీళ్లతో కాక పొడిగా తోలవచ్చు. టవర్‌లో నీటిని మరిన్ని చుట్లు తిప్పవచ్చు. నీటికి బదులు గాలితోనే ఆవిరిని చల్లబరిచే కండెన్సర్లు పెట్టవచ్చు. జార్ఖండ్‌లోని ఉత్తర కరణ్‌పురాలో ఎన్‌టీపీసీ అదే చేసింది. కానీ గాలి కండెన్సర్‌కు ఖర్చు ఎక్కువ, ఎండాకాలం మధ్యాహ్నం ఉత్పత్తి పడిపోతుంది, అదే కరెంటుకు మరింత బొగ్గు కాల్చాలి. పాత యూనిట్‌కు దాన్ని తగిలించడం ఆర్థికంగా గిట్టుబాటయ్యేది కాదు. ప్రభుత్వమూ గట్టిగా నిలబడలేదు. 2017 తర్వాత వచ్చే కొత్త కేంద్రాలకు మొదట పెట్టిన 2.5 ఘనపు మీటర్ల పరిమితిని 2018లో 3కి పెంచింది.

మరోదా-1 జలాశయం మీద 15 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ ప్రాజెక్టు చేపట్టారు. పలకల నీడలో కొంత నీరు ఆవిరి కాకుండా మిగులుతుంది కూడా. మంచిదే. 500 మెగావాట్ల పక్కన 15 మెగావాట్లు అన్నది మాత్రం మరిచిపోకూడదు. పగలు సౌర విద్యుత్తు పెరిగే కొద్దీ బొగ్గు యూనిట్లను మధ్యాహ్నం తగ్గించి సాయంత్రం పెంచాల్సి వస్తోంది. సగం బరువుతో నడిచే యూనిట్ సామర్థ్యం పడిపోతుంది, యూనిట్ కరెంటుకు నీళ్ల ఖర్చు కాస్త పెరుగుతుంది. మొత్తం వాడకం తగ్గవచ్చు గాని, అనుకున్నంత తగ్గదు.

భిలాయికి దగ్గరి దారి మురుగు నీరు. 2016 జనవరి 28న వచ్చిన కేంద్ర టారిఫ్ విధానం ప్రకారం మురుగునీటి శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు శుద్ధి చేసిన మురుగు నీటినే వాడాలి. భిలాయి ప్లాంటు చుట్టూ ఆ దూరంలో భిలాయి, దుర్గ్, రాయ్‌పూర్ మూడూ ఉన్నాయి. 2011 లెక్కల్లో ఒక్క దుర్గ్–భిలాయి పట్టణ ప్రాంత జనాభాయే పది లక్షలు దాటింది. మనిషికి ఇచ్చే 135 లీటర్లలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందన్న మామూలు లెక్క ప్రకారం రోజుకు పదకొండు కోట్ల లీటర్లు. రెండు యూనిట్లకు కావలసిన దానికి రెండున్నర రెట్లు. వేసవిలో కూడా తగ్గని నీరు ఇది. ముంబై–హౌరా రైలు మార్గంలో పడమటికి వెళితే వచ్చే నాగ్‌పూర్‌లో ఈ పని ఇప్పటికే జరుగుతోంది. అక్కడి భాండేవాడీలో రోజుకు 13 కోట్ల లీటర్ల మురుగు నీటిని శుద్ధి చేసి కొరాడీ, ఖాపర్‌ఖేడా థర్మల్ కేంద్రాల దిశగా పంపుతున్నారు. నాగ్‌పూర్ కార్పొరేషన్‌కు దాని మీద ఆదాయం కూడా వస్తోంది.

భిలాయిలో ఇది జరగాలంటే ముందు మురుగును ఒక చోటికి చేర్చాలి. సెక్టార్లలో కర్మాగారం వేసిన భూగర్భ డ్రైనేజీ ఉంది. ఖుర్సీపార్ లాంటి బస్తీల్లో చాలా చోట్ల మురుగు తెరిచిన కాల్వల్లో పారి నాలాల్లో కలుస్తుంది. అక్కడ పైపులు వేయడం కార్పొరేషన్ పని. శుద్ధి చేసిన నీటిని ప్లాంటు దాకా తోలడం ప్లాంటు పని. ఆ రెండో ఖర్చును కరెంటు ధరలో కలుపుకోవచ్చని అదే టారిఫ్ విధానం చెబుతోంది. అంటే దాన్ని ఉక్కు కర్మాగారం, ఛత్తీస్‌గఢ్ వినియోగదారులు, దామన్, దాద్రా వినియోగదారులు కలిసి భరిస్తారు. మొదటి ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఆ విధానంలో లేదు. ఖుర్సీపార్ వీధుల్లో మురుగు కాల్వల మీద మూతలు పడాలంటే తేలాల్సింది అదే.